గృహ సంగీత స్టూడియోలో కంప్యూటరు వ్యవస్థ మార్పు – ఒక పరిశీలన

పాటను భద్రపరచుట యనగా ఒకప్పుడు దానిని టేపు మీదికి ఎక్కించుటయే. సెకనుకు ఏడున్నర అంగుళముల వేగముతో నింపిన స్పూలు టేపును, ఆ యంత్రము చెడిపోయినను, అదే వేగమున తిరుగు మరియొక యంత్రము మీద పెట్టి వినవచ్చును. పాట టేపులో ఉన్నది. యంత్రము దానిని వినిపించు సాధనము మాత్రమే. నేడు ఇంటిలో ఒక గదిని స్టూడియోగా అమర్చుకొని, కంప్యూటరు మీద నాత్, గజల్, పద్యము, జానపదము నింపుకొనువారు ఎందరో ఉన్నారు. మన విద్యార్థులలోను ఉన్నారు. అయితే కంప్యూటరు మీద నింపిన పాట ఎక్కడ ఉన్నది? ఈ ప్రశ్నకు జవాబు మనము తలచినంత సులభము కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చిన నాడు గాని ఆ సంగతి బోధపడదు.

విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. భద్రతా సవరణలు మరికొంత కాలము కావలసిన వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు ఒక గడువును అప్పుడు ప్రకటించినారు. దీనితో ఇంటి స్టూడియో గలవారందరి ముందు ఒకే సమస్య నిలిచినది: ఉన్న యంత్రమును విండోస్ 11కు మార్చుటయా, యంత్రమునే మార్చుటయా, లేక ఉన్నదానిని ఉన్నట్లే ఉంచుటయా? మేము ఈ మార్పును మా గదిలో చేసి చూచినాము. అంతకు ముందు ఒకసారి చేసి దెబ్బతిన్నాము కూడా. ఆ రెండు అనుభవముల సారమే ఈ వ్యాసము.

మొదట గాయకుని కంఠస్వరము ఏ దారిన పోవుచున్నదో చూతము. మైకు స్వరమును విద్యుత్తుగా మార్చును. ఆడియో ఇంటర్‌ఫేస్ అను చిన్న పెట్టె ఆ విద్యుత్తును సెకనుకు 44,100 లేక 48,000 మార్లు కొలిచి అంకెలుగా మార్చును. ఆ అంకెలను కంప్యూటరులోనికి తెచ్చునది డ్రైవర్ అను చిన్న ప్రోగ్రాము. డ్రైవర్‌ను నమ్మి లోనికి రానిచ్చునది ఆపరేటింగ్ సిస్టమ్. దానిపై రికార్డింగు ప్రోగ్రాము, దానిలోపల ప్రతిధ్వనిని కలుపునవి, గొంతును సరిదిద్దునవి, తంబురా తబలా హార్మోనియంల శబ్దమును పుట్టించునవి అగు ప్లగిన్‌లు. ఇది మెట్లమీద మెట్టుగా కట్టిన కట్టడము. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చుట యనగా నడిమి మెట్టును లాగి వేరొక మెట్టును పెట్టుట. పై మెట్లు, క్రింది మెట్లు దానితో అమరునో లేదో ముందే చూచుకొనవలెను.

ఉత్తరములు వ్రాసుకొను కంప్యూటరుకు లేని చిక్కు ఒకటి సంగీతమునకు కలదు. అది కాలము. ఉత్తరములో అక్షరము అర సెకను ఆలస్యముగా కనబడినను ఎవరికిని నష్టము లేదు. ఖవ్వాలీలో చప్పట్లు కొట్టువాడు చెవిగొట్టములలో పాటను ఆలస్యముగా వినినచో తాళము చెదరును. కంప్యూటరు అంకెలను ఒక్కొక్కటిగా గాక గుత్తులుగా అందుకొనును. ఆ గుత్తి పరిమాణమును బఫర్ అందురు. సెకనుకు 48,000 కొలతల చొప్పున 128 కొలతల బఫర్ పెట్టినచో ఒక గుత్తికి సుమారు 2.7 మిల్లీసెకన్లు పట్టును. 1,024 పెట్టినచో 21.3 మిల్లీసెకన్లు. లోనికి ఒకసారి, వెలుపలికి ఒకసారి కనుక ఇది రెట్టింపగును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గదా! కాబట్టి 1,024 బఫర్‌తో పాడువానికి తన పక్కవాని పాట పదునాలుగు మీటర్లకు పైబడిన దూరమునుండి వచ్చినట్లు వినబడును. దర్గా ప్రాంగణమునకు ఆ చివర కూర్చున్న బృందముతో కలిసి చప్పట్లు కొట్టుట వంటిది. అందుచేతనే విండోస్ సాధారణ మార్గమును తప్పించి, ఇంటర్‌ఫేస్‌తో నేరుగా మాటలాడు ఏషియో అను పద్ధతిని జర్మనీకి చెందిన స్టైన్‌బెర్గ్ సంస్థ 1997లో ప్రవేశపెట్టినది. ఈ పద్ధతి పనిచేయుటకు ఇంటర్‌ఫేస్ తయారుచేసినవారు ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన డ్రైవర్‌ను వ్రాసి ఇచ్చి యుండవలెను. వారు మానివేసినచో పెట్టె ఎంత చక్కగా ఉన్నను మూగదే.

మరి ఇంత చిక్కు ఉన్నప్పుడు మార్చుట ఎందుకు? కొత్త వ్యవస్థ వేసినంత మాత్రమున అపశ్రుతి శ్రుతి కాదు, గొంతు మధురము కాదు. ఇంటర్‌నెట్ తీగను తీసివేసి పాత వ్యవస్థనే పదిలముగా వాడుకొనువారు కలరు. వారిని తప్పు పట్టలేము. నిజమునకు పాత పాటలను తెరచి చూచుటకు అట్టి యంత్రము ఒకటి ఉండుట మేలు. అయితే ఆ మార్గము నానాటికి ఇరుకగును. ప్లగిన్‌ల అనుమతులు సరిచూచుకొనుటకే ఇంటర్‌నెట్ కావలెను. నేడున్న ఇంటర్‌ఫేస్ చెడిపోయి కొత్తది కొన్ననాడు దానికి పాత వ్యవస్థకు తగిన డ్రైవర్ దొరకదు. దూరముననున్న గాయకుడు కొత్త ప్రోగ్రాముతో నింపి పంపిన ఫైలు మన పాత ప్రోగ్రాములో తెరవబడదు. కనుక మార్పు ఏనాటికైనను తప్పదు. మనము ఎంచుకొనగలిగినది దినమును, తీరును మాత్రమే. యంత్రము చెడిపోయి తొందరలో మార్చుట కంటె, చేతిలో పని లేని వేసవి సెలవులలో నెమ్మదిగా మార్చుట మంచిది. వార్షికోత్సవమునకు వారము దినముల ముందు మాత్రము ఎంతమాత్రమును కూడదు.

ఇక మా పాత అనుభవము. 2016లో ఒక గజల్‌ను మా గదిలో నింపినాము. పాడినవారు పదవీ విరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయులు. హార్మోనియం వాయించినవారు ముప్పది యేండ్లు పద్యనాటకములకు లెగ్ హార్మోనియం వాయించిన పెద్దాయన. ఉర్దూ ఆయనకు చదువ రాదు. కాని గాయకుడు ఒక పాదమును ఎత్తుకొనునంతలో ఆ భావము ఎటు పోవునో పసిగట్టి, అక్కడికి ముందే చేరి నిలుచునట్టి చేయి ఆయనది. ఆనాడు ఆయన హార్మోనియంలో రెండు మెట్లు గాలి పోవుచుండుటచేత మా మిడి కీబోర్డును ఆయన ముందు పెట్టి, పాదము క్రింద ఒక పెడల్ ఉంచినాము. తిత్తి తొక్కు అలవాటు గల కాలు కదా, రెండు నిమిషములలో దానిని లొంగదీసుకొన్నారు.

మిడి అనునది 1983లో వెలువడిన ఏర్పాటు. దానిలో శబ్దము ఉండదు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు వదలబడినది అను సమాచారము మాత్రము ఉండును. పెడల్ కదలిక 0 నుండి 127 వరకు గల అంకెలుగా, 11వ సంఖ్య గల నియంత్రణ మార్గమున నమోదగును. ఆ అంకెలను చూచి హార్మోనియం శబ్దమును పుట్టించునది ప్లగిన్. అనగా మేము నింపినది హార్మోనియం కాదు; హార్మోనియం వాయించుటకు కావలసిన ఆజ్ఞల పట్టిక. అది పెళ్ళి వంటవాడు వ్రాసి యిచ్చిన సరుకుల చీటీ వంటిది. చీటీ ఉన్నంత మాత్రమున విందు ఉన్నట్లు కాదు. ఈ భేదము మాకు పుస్తకములో తెలిసినదే, చేతిలో తెలియలేదు.

విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ముగిసినది. ఆ ఏడు డిస్కును తుడిచివేసి 64 బిట్ విండోస్ 10ను, దానిపై కొత్త రికార్డింగు ప్రోగ్రామును వేసినాము. పాటల ఫోల్డర్లను వేరొక డిస్కుపై ముందే దాచితిమి గనుక నిశ్చింతగా ఉన్నాము. గజల్ ప్రాజెక్టును తెరచినాము. కంఠము వినబడినది, అది వేవ్ ఫైలు గనుక. తబలా వినబడినది, అదియు మైకుతో నింపినదే. హార్మోనియం ఉండవలసిన చోట మెట్ల గీతలు తెర మీద నిక్షేపముగా కదలుచున్నవి, శబ్దము మాత్రము లేదు. ఆ ప్లగిన్ 32 బిట్ కాలమునాటిది. 64 బిట్ ప్రోగ్రాము 32 బిట్ ప్లగిన్‌ను తనంతట తాను నింపుకొనలేదు. నడుమ వంతెన వంటి మరియొక ప్రోగ్రాము కావలెను. వంతెనను సంపాదించినాము. అప్పటికి ఆ ప్లగిన్ తయారీదారులు వ్యాపారమును మూసివేసిరి. అనుమతిని మరల ఇచ్చువారు లేరు. పాత అనుమతి తుడిచివేసిన డిస్కులో ఉండెను.

వేరొక హార్మోనియం ప్లగిన్‌ను తెచ్చి అవే గీతలతో వాయింపజేసినాము. స్వరములు సరియే. కాని ఇది తిత్తి గాలిని 11వ మార్గమున గాక 1వ మార్గమున ఎదురుచూచునది. మార్గమును మార్చి పెట్టినాము. అయినను పాత ప్లగిన్‌లో 60 అను అంకెకు ఎంత గాలియో కొత్తదానిలో అంత కాదు. పెద్దాయన పాదము నెమ్మదించిన చోట ఇది గొంతెత్తినది. ఆయన ఊపిరి బిగబట్టిన చోట ఇది నిలిచిపోయినది. మరల వచ్చి వాయించుడని అడుగుటకు ఆయన లేరు, 2018లోనే గతించినారు. మిగిలినది గాయకునికి వినుటకని ఇచ్చిన 128 కిలోబిట్ల ఎం.పి.3 ప్రతి ఒక్కటే. దానిలో కంఠము, తబలా, హార్మోనియం ఒకదానిలో ఒకటి కలిసి ఉన్నవి.

ఇందుచేత మా అభిప్రాయమున, వ్యవస్థ మార్పునకు పూర్వము చేయవలసిన పని వ్యవస్థకు సంబంధించినది కానే కాదు. ప్రతి పాటలోని ప్రతి ట్రాకును ప్లగిన్‌తో పని లేని వేవ్ ఫైలుగా వ్రాయించుకొనవలెను. మిడితో వాయించిన వాద్యములకు ఇది మొట్టమొదట చేయదగినది. ప్రతి ఫైలును పాట ఆరంభమునుండి, అనగా సున్న సెకనునుండి వ్రాయించవలెను. హార్మోనియం రెండవ నిమిషములో ప్రవేశించినను దాని ఫైలు మొదట రెండు నిమిషముల నిశ్శబ్దముతో ఉండవలెను. అప్పుడు ఏ ప్రోగ్రాములోనైనను అన్ని ఫైళ్ళను ఒకే గీత మీద నిలిపిన చాలును, పాట కుదురును. కంఠమును రెండు విధములుగా వ్రాయించుట మంచిది: ప్రతిధ్వని మొదలగునవి చేర్చినది ఒకటి, ఏమియు చేర్చనిది ఒకటి. చేర్చినదానినుండి తీసివేయుట అసాధ్యము. చేర్చనిదానికి ఎప్పుడైనను చేర్చుకొనవచ్చును.

దీనికి స్థలము చాలదను భయము అక్కరలేదు. 24 బిట్ల, 48,000 కొలతల ఒంటి ట్రాకు సెకనుకు 1,44,000 బైట్లు తీసుకొనును. ఆరు నిమిషముల పాటకు ఒక ట్రాకు సుమారు 52 మెగాబైట్లు. ఇరువది ట్రాకులైనను ఒక గిగాబైటుకు కొంచెము అటు ఇటు. మిడి గీతలను కూడ ప్రమాణ మిడి ఫైలుగా విడిగా దాచవలెను; అది కొద్ది కిలోబైట్లే.

ఫైళ్ళ పేర్లను గూర్చి మన కళాశాలవంటి చోట ఒక మాట చెప్పవలసి యున్నది. పాట పేరును ఉర్దూ లిపిలోనో తెలుగు లిపిలోనో పెట్టవలెనని మనకు ముచ్చట. మేమును అట్లే పెట్టితిమి. పాత ప్రోగ్రాములు కొన్ని యూనికోడ్‌ను ఎరుగవు. పేరులోని అక్షరములన్నియు ప్రశ్నార్థకములై, ఫైలు కనబడినను తెరవబడలేదు. ఉర్దూ పేరు ప్రక్కన అంకెలు చేర్చినప్పుడు కుడి ఎడమల వరుస తారుమారై, ఏది మూడవ ట్రాకో ఏది పదమూడవ ట్రాకో తెలియక ఒక సాయంకాలమంతయు గడచినది. ఇప్పుడు ఫైలు పేరును రోమను అక్షరములలో చిన్నదిగా పెట్టి, అదే ఫోల్డరులో ఒక సాదా పాఠ్య ఫైలు ఉంచుచున్నాము. పాట పల్లవి లేక మత్లా, కవి, గాయకుడు, వాద్యకారులు, ఆధార శ్రుతి, నిమిషమునకు మాత్రల వేగము, నింపిన తేదీ ఉర్దూలోను తెలుగులోను దానిలో వ్రాయుచున్నాము. మిడి ట్రాకు ఉన్నచో ఏ నియంత్రణ మార్గమున ఏమి నమోదైనదో కూడ వ్రాయుచున్నాము.

అనుమతుల విషయము త్వరగా ముగింతము. ప్రతి ప్లగిన్ పేరు, సంచిక సంఖ్య, అది 32 బిట్టా 64 బిట్టా, కొన్న ఖాతా ఏది అను పట్టికను కాగితము మీద వ్రాసుకొనవలెను. యంత్రమునకు ముడిపెట్టిన అనుమతులను, పాత వ్యవస్థ పనిచేయుచుండగానే, దానిలోనుండి విడుదల చేయవలెను. ఆ తరువాత విడుదల చేయుటకు ఆ యంత్రము ఉండదు. దొంగ ప్రతులతో నడుపుకొనువారికి ఈ బాధ లేదనుకొందురేమో! వారికి బాధ ఇంకను ఎక్కువ. ఏ మార్పునాడు ఏది ఆగిపోయినను అడుగుటకు మనిషి లేడు.

ఇప్పుడు అసలు మార్పు. విండోస్ 11 వ్యవస్థ 2021 అక్టోబరు 5న వెలువడినది. దానికి 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల స్థలము చాలునని ప్రకటించినను, సంగీతమునకు అది చాలదు. 32 బిట్ ప్రోగ్రాము ఎంత ఎక్కువనుకొన్నను 429 కోట్ల బైట్లకు, అనగా నాలుగు గిగాబైట్లకు మించి జ్ఞాపకశక్తిని లెక్కించలేదు. ఆ హద్దు 64 బిట్‌లో లేదు గనుకనే నేటి వాద్య ప్లగిన్‌లు అంత భారీగా పెరిగినవి. 16 గిగాబైట్లు ఉన్న గాని ఊపిరాడదు. అసలు అడ్డంకి వేరొకచోట ఉన్నది. ప్రాసెసర్ సాధారణముగా ఇంటెల్ ఎనిమిదవ తరము లేక ఏ.ఎం.డి. రైజెన్ 2000 శ్రేణి, అంతకు తరువాతిది కావలెను. టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము, యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిన ఆరంభమగు బోర్డు కావలెను. చాల బోర్డులలో టి.పి.ఎం. ఉండియు, నిద్రావస్థలో ఉంచబడి యుండును. సెట్టింగులలో దానిని మేలుకొలిపిన చాలును. అయితే డిస్కు బిట్‌లాకర్‌తో తాళము వేయబడి యున్నచో ఈ సెట్టింగులను తాకకముందే పునరుద్ధరణ తాళపుసంఖ్యను వ్రాసుకొనవలెను. లేనిచో యంత్రము మన పాటలను మననుండియే కాపాడును.

ఉన్న వ్యవస్థపైననే మార్పు చేసినచో నచ్చనప్పుడు పది దినములలోపల వెనుకకు మరలు వీలు కలదు. మేము దానిని నమ్ముకొనలేదు. పాత డిస్కును ఊడదీసి కవరులో పెట్టి, కొత్త డిస్కు కొని దానిపై వ్యవస్థను మొదటినుండి వేసినాము. కొంత ఖర్చు అధికమైనను, ఏది తప్పిపోయినను నాలుగు మరలు విప్పి పాత డిస్కును తిరిగి పెట్టిన చాలునను ధైర్యము కలిగినది. 2020లో మాకు లేనిది ఆ డిస్కే.

కొత్తగా వేసిన విండోస్ 11లో మా పాత ఇంటర్‌ఫేస్ మొదట పలుకలేదు. కారణమును వెదకగా మెమరీ ఇంటిగ్రిటీ అను రక్షణ ఏర్పాటు కనబడినది. వ్యవస్థ అంతర్భాగములోనికి వచ్చు డ్రైవర్లను అది తన నియమములతో పరీక్షించి, సరిపడని పాతవానిని గుమ్మములోనే ఆపును. ఆ రక్షణను తీసివేసినచో ఇంటర్‌ఫేస్ పనిచేయునని కొందరు చెప్పినారు. పనిచేయును. కాని భద్రత కొరకని వ్యవస్థను మార్చి, మార్చిన వెంటనే తలుపు గడియ తీయుట మాకు నచ్చలేదు. తయారీదారుల వద్దనుండి తరువాతి డ్రైవర్‌ను తెచ్చి వేయగా సరిపోయినది. అట్టి డ్రైవర్ లేనిచో ఇంటర్‌ఫేస్‌ను మార్చుటయే మార్గము. దానిని వ్యవస్థ మార్పు ఖర్చులోనే ముందుగా లెక్కించుకొనవలెను.

మాక్ కంప్యూటర్లు వాడువారికి ఈ పరీక్ష ముందే వచ్చినది. 2019 అక్టోబరులో వెలువడిన కాటలీనా 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా వదలివేసినది. వంతెనలకు కూడ తావు లేకపోయెను. 2020 నవంబరులో ఆపిల్ తన సొంత ప్రాసెసర్లతో యంత్రములను తెచ్చి, పాత ప్రోగ్రాములకు రోసెట్టా 2 అను అనువాదకుని ఇచ్చినది. ఇంటెల్ మాక్‌లకు టాహో అనునదే చివరి సంచిక యని 2025లో ప్రకటించినది. విండోస్ 11కు అర్హత లేని యంత్రములు గల విద్యార్థులు లైనక్స్‌ను ఆలోచింపవచ్చును. ఉబుంటు స్టూడియో, ఆర్డోర్ వంటివి కంఠమును, తబలాను నింపుటకు నిస్సందేహముగా చాలును. కొన్న విండోస్ ప్లగిన్‌లు దానిపై నడచుననుకొని దిగుట మాత్రము సాహసము.

మార్పు ముగిసిన తరువాత వెంటనే పాట నింపలేదు. ఇంటర్‌ఫేస్ వెలుపలి రంధ్రమునుండి లోపలి రంధ్రమునకు ఒక తీగ కలిపి, ఒక్క చప్పట్ల శబ్దమును పంపి, తిరిగి నింపి, రెండు గీతలును ఒకదాని క్రింద ఒకటి సరిగా నిలిచినవో లేదో చూచినాము. బఫర్ 128 వద్ద అరగంటసేపు తంబురాను మ్రోగించి, నడుమ టిక్కుమను చప్పుడు వచ్చునేమోయని వంతులవారీగా వినినాము. మొదటి దినమున వచ్చినది. వైఫైని ఆపగా పోయినది. ఇప్పుడు నింపునప్పుడు వైఫైని ఆపియే ఉంచుచున్నాము.

2016 నాటి గజల్ ఫోల్డరును కూడ కొత్త పద్ధతిన సర్దినాము. కంఠము చేర్పులు లేనిదొకటి, ఉన్నదొకటి; తబలా; పెద్దాయన పాదమును చేతిని అంకెలుగా మోయుచున్న మిడి ఫైలు; ఆ ఎం.పి.3 ప్రతి. పాఠ్య ఫైలులో హార్మోనియం పేరు ఎదుట రెండు భాషలలోను ఇట్లు వ్రాసినాము: "ధ్వని లేదు. 11వ మార్గము తిత్తి గాలి. 60కి దిగువన చాల మెల్లగా వాయించినారు, ఎం.పి.3ని విని సరిచూచుకొనుడు."